యూ2 స్టేజీ వెనక ఆ ఆరు రోజులు

యూ2 అంటే 2019 డిసెంబర్ దాకా మా బావకి యూట్యూబ్‌లాంటి ఏదో కొత్త యాప్. నాకూ పెద్దగా తెలిసిందేం లేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో పక్క రూమ్ వాడు 'విత్ ఆర్ వితౌట్ యు' పాటని సెమిస్టర్ మొత్తం రిపీట్‌లో పెట్టి మా ప్రాణాలు తీశాడు. అంతవరకే పరిచయం. అలాంటిది ఆ బ్యాండ్ మొట్టమొదటిసారి ఇండియాకి వచ్చి చేసిన షోలో నేనున్నాను. టికెట్ కొని కాదు. పెట్టెలు తోసి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూ2 ఐర్లండ్ బ్యాండ్. 1976లో డబ్లిన్‌లో స్కూలు పిల్లలుగా మొదలుపెట్టారు. పాడేది బోనో, గిటార్ ది ఎడ్జ్, బేస్ ఆడమ్ క్లేటన్, డ్రమ్స్ లారీ ముల్లెన్ జూనియర్. మా షో నాటికి నలభై మూడేళ్లు, అదే నలుగురు. మన దగ్గర వాట్సాప్ గ్రూపులే నాలుగు నెలలు నిలబడవు. 1987లో వచ్చిన 'ది జాషువా ట్రీ' ఆల్బమ్ వాళ్లని ఎక్కడికో తీసుకెళ్లింది. ఆ ఆల్బమ్‌కి ముప్పై ఏళ్లు నిండాయని 2017లో మొదటి పాట నుంచి చివరి పాట దాకా స్టేజీ మీద వాయిస్తూ టూర్ చేశారు. అదే టూర్‌ని 2019లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా మీదుగా ఆసియాకి తెచ్చారు. చివరి షో డిసెంబర్ 15న, ఆదివారం, నవీ ముంబయి నెరూల్‌లోని డీవై పాటిల్ స్టేడియంలో.

నేను అక్కడికి ఎలా వెళ్లానంటే, జాయినింగ్ లెటర్ రాక. బీటెక్ ఆ ఏడాదే అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది కానీ కంపెనీ డేటు ఆగస్టు అంది, తర్వాత అక్టోబర్ అంది, తర్వాత మెయిల్‌కి జవాబే లేదు. సిరిసిల్లలో మా వీధిలో ప్రతి ఒక్కరికీ నా జాయినింగ్ డేటు కావాలి. పాలవాడితో సహా. అమ్మ చూసి చూసి "కొన్ని రోజులు మామ దగ్గరికి పోయిరా బిడ్డా" అని భివండి బండెక్కించింది.

భివండి తెలుసు కదా? ముంబయికి పక్కనే ఉంటుంది, మరమగ్గాల ఊరు. అక్కడ పద్మానగర్ అనే ఏరియాలో దిగితే మీరు మహారాష్ట్రలో ఉన్నారని ఎవరైనా చెప్పాలి. తెలుగు బోర్డులు, బతుకమ్మ, మన మాటే. కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి తరాల కిందట వెళ్లిన పద్మశాలి కుటుంబాలు. ఆ మాటకొస్తే ముంబయిలో కామాఠిపుర అనే పేరే మనవాళ్ల వల్ల వచ్చింది. నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కామాఠీలు అనేవాళ్లు. ఆ ఊళ్లో గోడలు లేపింది మనోళ్లే అని మామ గర్వంగా చెప్తాడు. ఆ గోడల లోపల మనోళ్లకి ఎంత దక్కిందంటే మాత్రం టాపిక్ మారుస్తాడు.

మామ కొడుకు, అంటే మా బావ, సాంచాలు నడవక ఈవెంట్ పనిలోకి మారాడు. పెళ్లి మంటపాలతో మొదలై సినిమా ఫంక్షన్లు, క్రికెట్ మ్యాచ్ స్టేజీలు, కచేరీల దాకా. ఒక కాంట్రాక్టర్ కింద పాతికమంది గ్యాంగ్. డిసెంబర్ మొదట్లో ఒక రాత్రి అన్నం తింటూ అడిగాడు: "బామ్మర్దీ, నీకు ఇంగ్లిష్ వస్తది గదా? ఫారినోళ్లు ఏం జెప్తరో మాకు జెప్పెటోడు ఒకడు గావాల్నట. పగలు తొమ్మిది వందలు, రాత్రి పన్నెండు వందలు. వస్తవా?"

ఆరు నెలలుగా నన్ను ఎవరూ 'వస్తవా' అని అడగలేదు. వెళ్లాను.

డిసెంబర్ 11 పొద్దున మేం స్టేడియంలోకి వెళ్లేసరికి నాకు అర్థంకాని విషయం ఒకటి. ఆ రాత్రే బ్యాండ్‌కి మనీలాలో షో ఉంది. ఇక్కడేమో స్టేజీ ఇనుప అస్థిపంజరం అప్పటికే లేస్తోంది. మరి అక్కడ దేని మీద నిలబడి పాడతారు? తర్వాత తెలిసింది, ఇంత పెద్ద టూర్లకి ఇనుప కట్టడం ఒక్క సెట్టే ఉండదు. ఒకటి షోలో ఉండగా ఇంకొకటి ముందున్న ఊళ్లో లేస్తుంటుంది. ఇదే బ్యాండ్ 2009 నుంచి 2011 దాకా చేసిన 360 డిగ్రీల టూర్‌లో ఆ నాలుగు కాళ్ల రాక్షస కట్టడానికి మూడు సెట్లు తిప్పారు. స్క్రీన్, సౌండ్, లైట్లు, వాయిద్యాలు మాత్రం షో తర్వాత విప్పి వెంటపెట్టుకుని వస్తాయి. సర్వర్ ఒకచోట పనిచేస్తుండగానే ఇంకోచోట కొత్తది లేపి పెట్టుకోవడం లాంటిదన్నమాట. అప్పటికి నాకు ఆ పోలిక తట్టలేదు. ఇప్పుడు నెలకోసారి అదే పని చేస్తాను, ఏసీలో కూర్చుని.

గ్రౌండ్ మొత్తం పలకలు పరిచేశారు, కింద గడ్డి పాడవకుండా. 2008లో మొదటి ఐపీఎల్ ఫైనల్ జరిగిన గ్రౌండ్ అది. పలకల మీద ఫోర్క్‌లిఫ్ట్‌లు తిరుగుతుంటే మా బావ "గీడ ధోనీ ఆడిండురా" అని ఒక పలకని చూపించి ఫోన్ తీశాడు. సెక్యూరిటీ అతను వచ్చి మా అందరి ఫోన్ కెమెరాల మీద స్టిక్కర్లు అంటించాడు. అందుకే ఈ కథకి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. నమ్మితే నమ్మండి.

మొదటి రోజే నా ట్రాన్స్‌లేషన్‌కి దెబ్బ పడింది. 'స్టేజ్ లెఫ్ట్' అంటే ఎడమ పక్క అని చెప్పాను, మనవాళ్లు పెట్టెలు ఎడమకి తోశారు. కానీ స్టేజ్ లెఫ్ట్ అంటే జనం వైపు తిరిగి నిలబడ్డ పాటగాడికి ఎడమ. గ్రౌండ్‌లోంచి స్టేజీని చూస్తున్న మనకి కుడి. మన వైపు నుంచి చెప్పాలంటే 'హౌస్ లెఫ్ట్' అంటారు. గ్యాంగ్‌లో అందరికన్నా పెద్దాయన, మేం కాకా అని పిలిచేవాళ్లం, నవ్వి దీనికి మందు కనిపెట్టాడు. స్టేజీకి ఒక పక్కన హైవే, ఇంకో పక్కన స్టేషన్ ఉన్నాయి కదా. "లెఫ్టు రైటు మనకొద్దు. రోడ్డు దిక్కు, రైలు దిక్కు అను." మిగతా ఐదు రోజులు మా గ్యాంగ్‌లో అదే నడిచింది. ఒక తెల్ల క్రూ ఆయన కూడా నేర్చుకుని "రైలు! రైలు!" అని అరిచేవాడు.

ఈ పనిలో మా స్థాయి ఏంటో కూడా చెప్పాలి. ఊరూరా తిరిగే టూర్ క్రూ వేరు. ఆ ఊళ్లో దొరికే మాలాంటి వాళ్లని 'లోకల్ క్రూ' అంటారు. ట్రక్కులోంచి పెట్టెలు దించడం, తోయడం, కేబుళ్లు లాగడం, చెప్పింది ఎత్తడం. పెట్టెలంటే మామూలువి కాదు, చక్రాలున్న ప్లైవుడ్ ఫ్లైట్ కేసులు, మూలలకి ఇనుప బంతులు. ప్రతిదాని మీద రంగు టేపు. సౌండ్‌కి ఒక రంగు, లైట్లకి ఒకటి, వీడియోకి ఒకటి. చదువు రానివాడు కూడా రంగు చూసి సరైన చోటికి తోసేస్తాడు. లోపల ఏముందో మనకి అనవసరం. పని మొదలైన రెండు గంటలకే నా అరచేతులు బొబ్బలెక్కాయి. కాకా తన గ్లవుజులు విసిరాడు. "కీబోర్డు చేతులు బిడ్డా, కాపాడుకో."

13న అసలు సరుకు రావడం మొదలైంది. స్క్రీన్! రెండు వందల అడుగుల వెడల్పు, నలభై ఆరు అడుగుల ఎత్తు. హైదరాబాద్ ప్రసాద్స్‌లో మనం నోరెళ్లబెట్టి చూసే పెద్ద స్క్రీన్‌కి దాదాపు రెట్టింపు వెడల్పు. అది ఒక్క ముక్క కాదు, చిన్న చిన్న ఎల్ఈడీ పలకలు. వాటిని వరసగా తగిలిస్తూ ఒకదాని నుంచి ఇంకోదానికి కరెంటు, డేటా రెండూ గొలుసులా కలుపుతూ పోతారు. గొలుసులో ఒక లింకు సరిగ్గా కూర్చోకపోతే దాని తర్వాతవి నల్లబడిపోతాయి. వీడియో టీమ్‌లో ఒకావిడ అర్ధరాత్రి అలా నల్లబడ్డ ముక్కని చూసి, అరవకుండా, గొలుసుని సగానికి చీల్చి ఏ సగంలో తప్పుందో చూసి, మళ్లీ దాన్ని సగం చేసి, నాలుగైదు నిమిషాల్లో ఆ ఒక్క కేబుల్ పట్టుకుంది. బైనరీ సెర్చ్! నేను థర్డ్ సెమ్‌లో పది మార్కులకి బట్టీపట్టిన అల్గారిథమ్ నిచ్చెన మీద నిలబడి ఉంది.

మామూలు స్క్రీన్‌లా నల్లగా ఉండదది. బంగారు రంగు వేసి, దాని మీద వెండి రంగులో జాషువా చెట్టు బొమ్మ. చెట్టు కొమ్మలు స్క్రీన్ పైఅంచు దాటి బయటికి వస్తాయి. జనం మధ్యలోకి చొచ్చుకొచ్చే చిన్న స్టేజీ ఏమో ఆ చెట్టు నీడ పడ్డట్టు అదే ఆకారంలో ఉంటుంది. ఎవరి ఆలోచనో గానీ దండం పెట్టాలి.

కరెంటు సంగతి కూడా అప్పుడే తెలిసింది. స్టేడియం కరెంటు మీద ఆధారపడరు, జనరేటర్లు వరసగా పెడతారు. సౌండ్‌కి వేరు, లైట్లకి వేరు. ఎందుకంటే లైట్లు మసకబారి వెలిగే చోట కరెంటు లైన్లో పుట్టే గోల సౌండ్‌లోకి ఎక్కితే స్పీకర్లు తుమ్మెదల్లా గుయ్‌మంటాయి. గ్రౌండ్ వెనక భాగంలో ఉండే స్పీకర్లది ఇంకో కథ. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. స్టేజీకి 70 మీటర్ల దూరంలో ఉన్నవాడికి శబ్దం సెకనులో ఐదో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాడి పక్కనే టవర్ మీద స్పీకర్ పెట్టి ఏ ఆలస్యం లేకుండా వదిలితే ఒకే దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. అందుకే ఆ టవర్ స్పీకర్‌కి కావాలనే అంత ఆలస్యం పెడతారు. ఇది కాకాకి చెప్తుంటే "చెరువవతల గట్టుమీద బట్టలుతుకుతుంటే జూడలే? చెయ్యి లేశినంక సప్పుడొస్తది. గదే గదా" అన్నాడు. అంతే.

తమాషా ఏంటంటే ది ఎడ్జ్ గిటార్ మొత్తం ఈ ఆలస్యం మీదే నడుస్తుంది. ఆయన ఒక్క స్వరం మీటితే డిలే మెషీన్ దాన్ని లయకి తగ్గట్టు మళ్లీ మళ్లీ పలికిస్తుంది. మీటింది తక్కువ, వినిపించేది ఎక్కువ. 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్' మొదట్లో వినిపించేది ఇదే. స్టేజీ కింద ఇంకో చిన్న ప్రపంచం ఉంటుంది. అక్కడ గిటార్లు వరసగా వేలాడదీసి ఉంటాయి, దాదాపు పాటకో గిటార్. వాటిని శ్రుతి చేసి పైకి అందించేవాళ్లు, మనకి ఎప్పుడూ కనిపించని కీబోర్డు ప్లేయర్ కూడా అక్కడే. బయట అరుపులన్నీ పైన ఉన్న నలుగురికే.

ఇక అసలు చెప్పాల్సిన రోజు 12వ తారీకు. కావాలనే దాన్ని వెనక్కి నెట్టాను.

టూర్ వాళ్ల స్టీలు ఎక్కే పనివాళ్లు వేరే ఉన్నారు. కానీ గ్రౌండ్ మధ్యలో వేసే రెండు టవర్ల పైపులు, జాలీలు లోకల్‌గా తెచ్చినవి, వాటిని నిలబెట్టేది మా కాంట్రాక్టర్ మనుషులే. పైకెక్కేవాళ్లకి రోజుకి నాలుగు వందలు ఎక్కువ. మా గ్యాంగ్‌లోంచి ఐదుగురిని పిలిచారు. కాకా, బావ, ఇంకో అన్న, భివండి కుర్రాళ్లు ఇద్దరు. ఆ కుర్రాళ్లకి ఇరవై దాటి ఉండవు, నెల కిందటి దాకా సాంచాల మీద దారాలు ముడేసినవాళ్లు.

టూర్ తరఫు సేఫ్టీ ఆయన వచ్చాడు. తెల్ల గడ్డం, మెల్లగా మాట్లాడే మనిషి. నా వైపు చూసి, వీళ్లు ఎత్తులో పని చేసిన అనుభవం ఉన్నవాళ్లేనా, ఒక్కొక్కరినీ అడిగి చెప్పు అన్నాడు. పక్కనే మా సూపర్‌వైజర్. నా భుజం మీద చెయ్యేసి, నవ్వుతూనే, హిందీలో, "సబ్ ట్రైన్డ్ హై, బోల్ దే" అన్నాడు.

చాలా చిన్న వాక్యం కదా? రెండు సెకన్ల పని. నేను ఐదుగురి వైపు చూశాను. ఇద్దరు కుర్రాళ్లు నా కళ్లలోకే చూస్తున్నారు. వాళ్లకి ఇంగ్లిష్ రాదు కానీ ఏం అడిగారో తెలుసు, నేనేం చెప్పాలో కూడా తెలుసు. మూడు రోజులకి పన్నెండు వందలు. అందులో ఒకడు నిన్న టీ తాగుతూ చెల్లెలి పరీక్ష ఫీజు గురించి చెప్పాడు.

అయినా నేను సూపర్‌వైజర్ మాట పక్కనపెట్టి, అడగమన్నట్టే ఒక్కొక్కరినీ తెలుగులో అడిగాను. కాకా "ఇరవై ఏండ్ల సంది బిల్డింగుల మీదనే ఉన్న. బెల్టు మాత్రం ఈ మధ్యనే కట్టుడు నేర్పిన్రు" అన్నాడు. బావ, ఇంకో అన్న కూడా నాలుగైదేళ్లుగా చేస్తున్నామన్నారు. మొదటి కుర్రాడు "ఎక్కుతనన్నా" అన్నాడు. ఇంతకుముందు ఎక్కినవా అని మళ్లీ అడిగాను. నేల చూశాడు. రెండోవాడు "నువ్వే జెప్పు" అన్నాడు, గొంతులో ఏదో తేడా.

చెప్పాను. ముగ్గురికి అనుభవం ఉంది, సర్టిఫికెట్ లేదు. ఇద్దరు ఇదే మొదటిసారి. సేఫ్టీ ఆయన ముగ్గురికీ తన ముందే బెల్టు కట్టుకోమని, కొక్కెం ఎక్కడ తగిలిస్తారో చూపించమన్నాడు. ఒక్క నిమిషం కూడా కొక్కెం లేకుండా ఉండకూడదు, ఒకటి తీసేముందు రెండోది తగలాలి. కాకా ఆ రెండు కొక్కేలని తీగమీద పిట్టలా మార్చుకుంటూ పోతుంటే ఆయన తలూపాడు. కుర్రాళ్లిద్దరినీ కింద తాడు పనికి పెట్టమన్నాడు. మామూలు కూలి.

సూపర్‌వైజర్ చెయ్యి నా భుజం మీద నుంచి ఎప్పుడు లేచిందో తెలియదు.

ఆ టవర్ మీద నుంచి ఎవరూ పడలేదు. దాన్నే అందరూ నాకు చెప్పారు తర్వాత. "ఎవ్వలు పడలే గదా, వాళ్లు ఎక్కినా పడకపోదురు" అని. పడితే అప్పుడు నేను కరెక్టు, పడకపోతే నేను పన్నెండు వందలు పోగొట్టినవాణ్ని. ఈ లెక్క నాకు ఇప్పటికీ నచ్చదు. జరగని ప్రమాదానికి ఎవడూ రసీదు ఇవ్వడు. ఇప్పుడు నా ఉద్యోగంలో రిలీజ్ ఆపుదామని చెప్పిన ప్రతిసారీ మేనేజర్ ముఖం మీద అదే లెక్క కనిపిస్తుంది, కాకపోతే అక్కడ ఎవరి కాళ్లూ గాల్లో ఉండవు.

రెండోవాడు మిగతా నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఏదైనా చెప్తే బావ వైపు తిరిగి "ఏమంటుండు?" అని అడిగేవాడు, ట్రాన్స్‌లేటర్‌కి ఇంకో ట్రాన్స్‌లేటర్ కావాలన్నట్టు. రాత్రి పడుకునేటప్పుడు బావ అన్నాడు: "నువ్వు జెప్పింది కరెక్టే. కానీ పైసల్ పోయింది వాళ్లయి, నీయి కాదు గదా." దానికి నా దగ్గర జవాబు లేదు. కాకా మాత్రం చీకట్లోంచి "పైసలు మల్ల వస్తయ్. పండుర్రి, తెల్లారి ట్రక్కులున్నయ్" అన్నాడు.

షో రోజు మాకు పెద్దగా పనుండదు. స్క్రీన్ వెనక ఖాళీలో పెట్టెల మీద కూర్చుని ఎదురుచూడటమే. స్క్రీన్ వెనక నుంచి చూస్తే ఏం ఉండదు. వైర్లు, ఫ్యాన్లు, చిన్న చిన్న ఆకుపచ్చ లైట్లు. ముందు వైపు మాత్రం సముద్రంలా హోరు. వాళ్లు షో మొదలుపెట్టే తీరు విచిత్రంగా ఉంటుంది. అంత స్క్రీన్ పెట్టుకుని మొదట దాన్ని వెలిగించరు. ముందుగా డ్రమ్మర్ ఒక్కడే నడుచుకుంటూ చెట్టు నీడ స్టేజీ మీదికి వెళ్లి 'సండే బ్లడీ సండే' మొదలుపెడతాడు. మాకు ఆ డ్రమ్ముల దెబ్బలు ముందు కాళ్ల కింద పలకల్లో తెలిశాయి, తర్వాత చెవుల్లో.

మధ్యలో నాకు అదృష్టం పట్టింది. మిక్సింగ్ టవర్ దగ్గర లోకల్ జనరేటర్ మనిషితో మాట్లాడటానికి నన్ను పంపారు. పని రెండు నిమిషాలది. రేడియోలో ఎవరో ఆగమన్నారు, నేను చాలాసేపు ఆగాను. నేను ఐదు రోజులుగా చూసిన స్టేజీ అప్పుడే మొదటిసారి చూశాను. 'అల్ట్రావయొలెట్' పాటకి స్క్రీన్ మీద ప్రపంచంలోని ఎందరో మహిళల ముఖాలు వేస్తారు, ఆ రోజు అందులో మన దేశం వాళ్లూ ఉన్నారు. గౌరీ లంకేశ్ ముఖం నలభై ఆరు అడుగుల ఎత్తున వచ్చినప్పుడు నా పక్కన ఉన్న టికెట్ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నా ఆకుపచ్చ జాకెట్ చూసి "భయ్యా, పానీ హై?" అని అడిగింది తర్వాత. నా సీసా ఇచ్చేశాను.

వెనక్కి వచ్చేసరికి పెట్టెల మీద మావాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు. ఏమైందంటే రెహమాన్ వచ్చాడు. బ్యాండ్‌తో కలిసి చేసిన 'అహింస' పాట అప్పటికి నెల కూడా కాలేదు విడుదలై. అందులో తిరుక్కురళ్ మాటలుంటాయి. కూతుళ్లతో కలిసి వచ్చి పాడుతున్నాడు. అప్పటిదాకా బీడీలు, లూడో ఆడుకున్న గ్యాంగ్‌కి స్క్రీన్ వెనక నుంచి ఆయన గొంతు మాత్రమే వినిపిస్తోంది. "గీ సార్‌ది నాకెర్కే" అన్నాడు కాకా. నాతో మాట్లాడని కుర్రాడు కూడా కళ్లు మూసుకుని తలూపుతున్నాడు.

చివరి పాట అయ్యాక పది నిమిషాలు కూడా ఇవ్వరు. జనం ఇంకా గేట్లు దాటకముందే ట్రక్కులు లోపలికి వస్తాయి. 'లోడ్ అవుట్'. ఐదు రోజులు కట్టినదాన్ని విప్పడం. ట్రక్కులో ఎవరు ఏది ముందు ఎక్కిస్తారో కాగితం మీద రాసి ఉంటుంది. తర్వాతి చోట ముందు కావాల్సింది చివర ఎక్కాలి. లాస్ట్ ఇన్, ఫస్ట్ అవుట్. స్టాక్ అంటే ఏంటో లెక్చరర్ ప్లేట్ల బొమ్మ గీసి చెప్పాడు కాలేజీలో, ఇక్కడ నలభై అడుగుల ట్రక్కులో చూపించారు. ఈసారి తర్వాతి చోటంటూ లేదు, టూర్ అయిపోయింది. అయినా అదే క్రమం. నెలల తరబడి కలిసి తిరిగిన క్రూ వాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని, కళ్లు తుడుచుకుని, వెంటనే తిరిగి మా మీద అరిచేవాళ్లు. తెల్లవారుజామున మంచుకి ఇనుము తడిసింది. ఆ గంటలోనే చేతులు నలిగేది, వేళ్లు పోయేది. సేఫ్టీ ఆయన మూడున్నరకి అందరినీ ఆపి, పావుగంట కూర్చోబెట్టి, టీ తాగించాకే మళ్లీ మొదలుపెట్టనిచ్చాడు.

డబ్బులు మాకు నలభై రోజుల తర్వాత వచ్చాయి. నాకు రెండు రాత్రుల కూలి తగ్గింది. అడిగితే సూపర్‌వైజర్ "తూ తో ట్రాన్స్‌లేటర్ థా, లేబర్ థోడీ థా" అన్నాడు. నా అరచేతులు ఫొటో తీసి పంపుదామనుకున్నాను. అప్పటికి బొబ్బలు మానిపోయాయి.

ఆ ఫిబ్రవరిలో నా జాయినింగ్ వచ్చింది. ఇరవై రోజులు ఆఫీసుకెళ్లాను, అంతే, లాక్‌డౌన్. నేను ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నాను. ఈవెంట్ పని మాత్రం పూర్తిగా ఆగిపోయింది, జనం గుమిగూడటమే నేరమైన రోజులు అవి. బావ మళ్లీ సాంచాల దగ్గరికి పోతే అవీ బంద్. కాకా ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు మోకాళ్ల నొప్పి, ఎక్కడం లేదు. నాతో మాట్లాడని కుర్రాడు భివండి గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడట. బావ పెళ్లిలో కనిపించి "ఏమన్నా" అన్నాడు. అంతకుమించి ఇద్దరం ఏం మాట్లాడలేదు, పక్కపక్కన కూర్చుని తిన్నాం.

2024 సెప్టెంబర్‌లో కోల్డ్‌ప్లే టికెట్ల రోజు గుర్తుందా? మీలో సగం మంది ఆ క్యూలో ఉండే ఉంటారు. నేను రెండు ల్యాప్‌టాప్‌లు, ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. నా ముందు ఆరు లక్షల పైచిలుకు మంది. స్క్రీన్‌షాట్ బావకి పంపితే నవ్వే బొమ్మలు పది పంపాడు. "గదే స్టేడియం గదరా. నేను లోపల్నే ఉంట. నీకే దొరకలే టికెట్!"

2025 జనవరి 18, 19, 21 తేదీల్లో అక్కడే షోలు. షో ముందు రోజుల్లో బావ రోజూ వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు. జనం సైకిళ్లు తొక్కితే, ఎగిరితే కరెంటు పుట్టే నేల పెడుతున్నారని, ఆ కరెంటు చిన్న స్టేజీకి వాడతారని. వచ్చినవాళ్లందరి చేతికీ వెలిగే బ్యాండ్ కట్టి, పోయేటప్పుడు మళ్లీ తీసుకుంటారని. "తిరిగి ఎవడిస్తడురా" అని ఒకటే నవ్వు.

ఒక రాత్రి మాత్రం ఫొటో వచ్చింది. ఒక ఫారం, ఇంగ్లిష్‌లో. "చదివి జెప్పు" అన్నాడు. ఇప్పుడు కాంట్రాక్టర్లు ఒక్కొక్కరితో విడివిడిగా సంతకం పెట్టించుకుంటున్నారట. ఎత్తులో పని చేయడానికి శిక్షణ తీసుకున్నారా? అవును, కాదు, రెండు గడులు. చదివి తెలుగులో చెప్పాను. చాలాసేపు 'టైపింగ్' అని వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

"పదేండ్ల సంది ఎక్కుతున్న. కానీ ట్రైనింగ్ అంటే కాగితం ఉండాల్నా?"

ఉండాలి బావా, ఫారంలో అదే అడిగారు అన్నాను. ఇప్పుడు పైకెక్కితే ఎంత ఎక్కువిస్తారని అడిగితే ఎనిమిది వందలు అన్నాడు. రోజుకి. నేను ఇంకేం రాయలేదు.

పావుగంట తర్వాత ఇంకో ఫొటో. రెండో గడిలో టిక్కు, కింద తెలుగులో సంతకం. ఆ వారమంతా బావ కిందే ఉండి కేబుళ్లు లాగాడు.